రౌతు కొద్దీ గుర్రం – శ్రీకృష్ణదేవరాయలు

కోవిల్‌పట్టి, విరుదునగరం సీమలలో నల్లరేగడి చేల నడుమ ప్రయాణించేవారికి ఊరి పొలిమేరలలో, అయ్యనార్ కోవెలల ముందు, కాల్చిన మట్టితో చేసి రంగులు పూసి నిలిపిన గుర్రాలు కనిపిస్తాయి. అవి నాలుగు కాళ్లూ నేలకు ఆనించి ఎండకూ వానకూ చలించక నిలిచి ఉంటాయి. మట్టి గుర్రానికి తూకం తప్పుతుందనే భయం లేదు. ప్రాణమున్న గుర్రం సంగతి వేరు. అది దౌడు తీసేటప్పుడు ఒక క్షణాన ఒంటి కాలి మీద ఉంటుంది, మరుక్షణాన నాలుగు కాళ్లూ గాలిలోనే ఉంటాయి. ఆ వేగంలో దాని బరువు ఎటు ఒరుగుతున్నదో, తరువాతి అడుగు నిలకడగా పడుతుందో లేదో వీపు మీది రౌతు కనిపెట్టాలి. కంటితో చూసి తెలుసుకునేంత వ్యవధి ఉండదు. ఒంటితో తెలుసుకోవలసిందే.

ఈ కఠినమైన విద్యను దినచర్యగా చేసుకున్న చక్రవర్తి ఒకడు తెలుగువారి చరిత్రలో ఉన్నాడు. విజయనగర సింహాసనాన్ని అధిష్ఠించి 1509 నుండి 1529 వరకు పాలించిన శ్రీకృష్ణదేవరాయలే ఆ రౌతు. కవిగా, కవిపోషకుడుగా, విజేతగా ఆయన పేరు తెలియని తెలుగు బిడ్డ లేడు. ఆయన సాహితీ సభకు భువనవిజయమని పేరు. అందులోని కవులు అష్టదిగ్గజాలుగా లోకప్రసిద్ధులు. అయితే ఆయన ఎంతటి రౌతో, ఆ రౌతుతనం ఆయన పాలనలో ఎక్కడ అక్కరకు వచ్చిందో, ఎక్కడ ఆయన దానిని మరచాడో తెలుసుకుంటే ఆ మహాపురుషుని జీవితం మరింత స్పష్టంగా బోధపడుతుంది.

శ్రీవిల్లిపుత్తూరు బంధం

రాయలకు ఈ సీమతో ఉన్న బంధం కత్తి వలన ఏర్పడినది కాదు, కావ్యం వలన ఏర్పడినది. విరుదునగరం జిల్లాలోని శ్రీవిల్లిపుత్తూరు ఆండాళ్ జన్మస్థలం. తమిళనాడు ప్రభుత్వ చిహ్నంలోని గోపురం ఆ క్షేత్రానిదేనని ప్రసిద్ధి. అక్కడ పూలమాలలు కట్టి స్వామికి సమర్పించిన విష్ణుచిత్తుని కథను, ఆయన కుమార్తె గోదాదేవి కథను తీసుకొని రాయలు ఆముక్తమాల్యదను తెలుగులో రచించాడు. కళింగ దండయాత్ర కాలంలో కృష్ణా తీరంలోని శ్రీకాకుళంలో ఆంధ్రమహావిష్ణువు కలలో కనిపించి ఈ కథను తెలుగులో చెప్పమని ఆదేశించినట్లు కావ్యారంభంలో ఆయనే చెప్పుకున్నాడు. తమిళదేశపు భక్తురాలి కథ తెలుగు చక్రవర్తి చేతిలో మహాకావ్యమైంది. తమిళ సీమలో ఉంటూ తెలుగు నేర్చుకునే బాలబాలికలకు ఇంతకంటె దగ్గరి చుట్టరికం మరొకటి ఉండబోదు.

ఆ కావ్యంలో భక్తితోపాటు రాజనీతి కూడా ఉంది. యామునాచార్యుడు రాజ్యాన్ని కుమారునికి అప్పగిస్తూ చేసిన ఉపదేశంగా ఆ నీతిని రాయలు కూర్చాడు. దూరదేశాల నుండి ఏనుగులను, మేలుజాతి గుర్రాలను తెచ్చే వర్తకులకు ఊళ్లు, నగరంలో మంచి ఇళ్లు ఇచ్చి, వారిని గౌరవించి, తగిన లాభం చూపి తనవారిగా చేసుకోవాలని, ఆ ఏనుగులూ గుర్రాలూ శత్రువులకు చేరకుండా చూసుకోవాలని అందులో ఒక హితవు ఉంది. భక్తికావ్యంలో గుర్రాల బేరం ప్రస్తావనకు రావడం వింతగా తోచవచ్చు. ఆనాటి విజయనగర రాజుకు గుర్రం ఎంతటి అవసరమో తెలిసినవారికి అది వింత కాదు.

నరపతి సింహాసనం, అశ్వపతుల విద్య

ఆ కాలపు తెలుగువారు దేశంలోని మూడు గొప్ప సింహాసనాలను మూడు పేర్లతో చెప్పుకునేవారు. ఏనుగుల బలం గల కళింగాధిపతి గజపతి. గుర్రాల బలం గల ఉత్తరాది తురుష్క ప్రభువు అశ్వపతి. కాల్బలం మెండుగా గల విజయనగరాధీశుడు నరపతి. ఈ పేర్లలోనే విజయనగరపు కొరత దాగి ఉంది. మనుష్యులకు కొదవ లేదు గాని మేలైన గుర్రాలు లేవు. దక్షిణదేశపు వాతావరణం, మేత యుద్ధాశ్వాల పెంపకానికి అంతగా అనుకూలించవు. కాబట్టి అరేబియా, పారశీక తీరాల నుండి, ముఖ్యంగా హోర్ముజ్ రేవు నుండి, సముద్రం మీద గుర్రాలను తెప్పించుకోవలసి వచ్చేది.

ఓడ ప్రయాణంలో ఎన్నో గుర్రాలు మరణించేవి. రాయలకు పూర్వుడైన సాళువ నరసింహరాయలు చచ్చిన గుర్రానికి కూడా వెల చెల్లించేవాడనీ, వర్తకుడు దాని తోక తెచ్చి చూపితే చాలుననీ పోర్చుగీసు వర్తకుడు ఫెర్నావ్ నూనిజ్ వ్రాశాడు. నూనిజ్ స్వయంగా గుర్రాల వ్యాపారి. రాయలు మరణించిన కొద్ది సంవత్సరాలకు విజయనగరంలో నివసించి ఆ రాజ్య చరిత్రను వ్రాసిపెట్టాడు. రాజు ఏటా పదమూడు వేల గుర్రాలను కొని, వాటిలో శ్రేష్ఠమైనవాటిని తన లాయానికి ఉంచుకొని, మిగిలినవి సేనానులకు పంచేవాడని ఆయన లెక్క. 1510లో పోర్చుగీసువారు గోవాను పట్టుకోవడంతో ఆ వ్యాపారానికి తాళపుచెవి వారి చేతికి చిక్కింది. రాయలు వారితో మైత్రి పాటించడానికి గల ప్రధాన కారణాలలో ఇది ఒకటి.

గుర్రాలను కొనడం ధనమున్న ఏ రాజుకైనా సాధ్యమే. వాటి మీద కూర్చోవడం వేరే విద్య. రౌతు కొద్దీ గుర్రం అని తెలుగువారి సామెత. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్లతో నడుస్తుందని మరొక సామెత. నరపతి సింహాసనం మీద కూర్చున్న రాయలు అశ్వపతుల విద్యలో కూడా ఎవరికీ తీసిపోరాదని నిశ్చయించుకున్నట్లు ఆయన దినచర్య చెబుతుంది.

తెల్లవారక ముందు

1520 ప్రాంతంలో విజయనగరాన్ని దర్శించిన మరొక పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్. రాయలు మధ్యస్థమైన ఎత్తు గలవాడనీ, పచ్చని ఛాయ గలవాడనీ, సన్నం కంటె కొంచెం లావే అనదగిన శరీరమనీ, ముఖాన మశూచి మచ్చలు ఉన్నాయనీ ఆయన వర్ణించాడు. ప్రసన్నమైన స్వభావం, పరదేశీయుల పట్ల ఆదరం గల రాజు అని ప్రశంసించి, అయితే అప్పుడప్పుడు హఠాత్తుగా ఆగ్రహావేశం ముంచుకు వస్తుందని కూడా మరువకుండా చేర్చాడు. ఈ చివరి మాటను గుర్తుంచుకోవాలి.

పేస్ వ్రాసిన దినచర్య ప్రకారం రాయలు ప్రతిదినం తెల్లవారక ముందే లేచి నువ్వులనూనె త్రాగేవాడు. ఒంటికి అదే నూనె మర్దించుకొని, చిన్న గోచీ కట్టుకొని, మట్టితో చేసిన బరువులను చేతులతో ఎత్తేవాడు. త్రాగిన నూనె అంతా చెమటగా వెలువడేవరకు కత్తిసాము చేసేవాడు. ఆపైన తన మల్లులలో ఒకనితో కుస్తీ పట్టేవాడు. ఇంత శ్రమ తరువాత గుర్రమెక్కి మైదానంలో ఒకసారి ఇటు, ఒకసారి అటు, తెల్లవారేవరకు దౌడు తీయించేవాడు. స్నానం, దేవపూజ, రాజకార్యాలు అన్నీ ఆ తరువాతనే.

ఈ వర్ణనలో రెండు విషయాలు గమనింపదగినవి. మొదటిది, ఆ స్వారీ సాగినది తెల్లవారక ముందు. మసక చీకటిలో నేల సరిగా కనిపించదు. గుర్రం మెడ కదలిక, కాళ్ల వరుస చూసి తూకాన్ని అంచనా వేయడం కుదరదు. రౌతు తన ఆసనాన్ని, తొడలను, చేతులను, చెవులను నమ్ముకోవలసిందే. రెండవది, ఆ దౌడు తిన్నగా ఒకే దిక్కుకు సాగినది కాదు, అటూ ఇటూ మళ్లిస్తూ సాగినది. తిన్నగా పోయే గుర్రం తన లోపాన్ని కొంతవరకు దాచుకోగలదు. వేగం మీద మలుపు తిరిగేటప్పుడు దాచుకోలేదు. చీకటిలో, వేగంలో, మలుపులలో గుర్రం నిలకడను కనిపెట్టగలవాడే సంపూర్ణమైన రౌతు. అంతకు ముందే వ్యాయామంతో, కుస్తీతో అలసిన శరీరం బిగుసుకొని ఉండదు. బిగువు లేని శరీరమే గుర్రం కదలికను చక్కగా గ్రహిస్తుంది.

తూకం తెలియడం అంటే

మన పూర్వులు గుర్రపు నడకలను శాస్త్రంగా పరిశీలించారు. అమరకోశంలో ఆస్కందితం, ధౌరితకం, రేచితం, వల్గితం, ప్లుతం అని అయిదు గతులకు పేర్లు ఉన్నాయి. మనుమంచి భట్టు అనే కవి తెలుగులోనే అశ్వశాస్త్ర గ్రంథాన్ని రచించాడు. అయినా దౌడులో గుర్రం కాళ్లు ఏ వరుసన పడతాయో మనుష్యుని కన్ను పట్టుకోలేకపోయింది. చిత్రకారులు ముందుకాళ్లు ముందుకు, వెనుకకాళ్లు వెనుకకు చాచిన గుర్రాలను శతాబ్దాల తరబడి చిత్రించారు. 1878లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ అనే ఛాయాచిత్రకారుడు వరుసగా కెమెరాలు అమర్చి, పరుగెత్తే గుర్రాన్ని చిత్రాలుగా తీసిన తరువాతనే అసలు సంగతి లోకానికి స్పష్టపడింది. దౌడులో వెనుకకాళ్లు ఒకదాని వెంట ఒకటి, ఆపైన ముందుకాళ్లు ఒకదాని వెంట ఒకటి నేలను తాకుతాయి. అప్పుడు నాలుగు కాళ్లూ శరీరం క్రిందికి ముడుచుకొని ఒక్క క్షణం గాలిలో ఉంటాయి. కన్ను పట్టుకోలేని ఈ లయను మంచి రౌతు వీపు మీద కూర్చొని ఎప్పుడో ఎరిగి ఉన్నాడు.

గుర్రానికి తల, మెడ బరువు ముందుకు ఉన్నందున, ఊరక నిలుచున్నప్పుడే నూటికి అరవై పాళ్ల బరువు ముందుకాళ్ల మీద పడుతుంది. రౌతు ఎక్కితే ఆ భారం ఇంకా పెరుగుతుంది. వేగం హెచ్చిన కొద్దీ గుర్రం ముందుకు వాలిపోయి, భుజాల మీదుగా పరుగెత్తడం మొదలుపెడుతుంది. తూకం గల గుర్రం మాత్రం వెనుకకాళ్లను పొట్ట క్రిందికి బాగా తెచ్చి, భారాన్ని వాటి మీదికి తీసుకొని, ముందుభాగాన్ని తేలికపరచుకుంటుంది.

ఈ తేడా రౌతుకు ముందుగా చేతులలో తెలుస్తుంది. నిలకడ గల గుర్రం పగ్గాలలో తేలికగా ఉంటుంది. తూకం తప్పుతున్న గుర్రం కళ్లెం మీద బరువు మోపి రౌతు చేతులను క్రిందికి లాగుతుంది. పిమ్మట ఆసనంలో తెలుస్తుంది. తూకమున్నప్పుడు గుర్రం వీపు ఉయ్యాల వలె సమంగా లేచి దిగుతుంది. తప్పినప్పుడు జీను ఒక ప్రక్కకు నెట్టినట్లు ఉంటుంది, అడుగులు పొట్టివై తొందరపడతాయి. చెవికి గిట్టల లయ చెదిరినట్లు వినిపిస్తుంది. ఎడమకు మలుపు తిరిగేటప్పుడు ఎడమ ముందుకాలు, కుడికి తిరిగేటప్పుడు కుడి ముందుకాలు ముందంజ వేయాలి. అది తారుమారైతే గుర్రం మలుపులో ఒరిగిపోతుంది. రౌతు కొంచెం ఆగమని సూచించినప్పుడు మూడు నాలుగు అంగలలో వేగం తగ్గించగలిగితే అది తన కాళ్ల మీద తానున్న గుర్రం. తగ్గించలేకపోతే అది పరుగెత్తడం లేదు, పడిపోకుండా ఉండేందుకు ముందుకు తోసుకుపోతున్నదని అర్థం.

సరిదిద్దే మార్గం పగ్గాలను గుంజడం కాదు. గుంజితే గుర్రం తల పైకెత్తి, వీపు గట్టిపరచుకొని, మరింత అదుపు తప్పుతుంది. రౌతు ముందు తాను తిన్నగా కూర్చోవాలి. తొడలతో, పిక్కలతో వెనుకకాళ్లను ముందుకు పిలవాలి. పగ్గాన్ని కొంచెం పట్టి, వెంటనే కొంచెం విడవాలి. రౌతుకు తన తూకం లేకపోతే గుర్రానికి తూకం ఇవ్వలేడు. సామెత సారం ఇదే.

రాయచూరు రణరంగం

రాయలు తుళువ నరసనాయకుని కుమారుడు, తల్లి నాగలాంబిక. అన్న వీరనరసింహుని అనంతరం 1509లో సింహాసనమెక్కేనాటికి రాజ్యం నిలకడగా లేదు. సామంతులు ఎదురు తిరుగుతున్నారు. తూర్పున గజపతులు ఉదయగిరి, కొండవీడు దుర్గాలను పట్టుకొని ఉన్నారు. ఉత్తరాన సుల్తానులు కృష్ణా, తుంగభద్రల మధ్య భూమి కోసం పొంచి ఉన్నారు. మహామంత్రి సాళువ తిమ్మరుసు తండ్రివలె వెన్నంటి ఉండి నడిపించాడు.

రాయలు తొందరపడలేదు. 1513లో ఉదయగిరిని ముట్టడించి, ఏడాదికి మించి ఓపిక పట్టి, 1514లో దానిని వశపరచుకున్నాడు. 1515లో కొండవీడును జయించాడు. సింహాచలం వరకు నడిచి ప్రతాపరుద్ర గజపతిని సంధికి ఒప్పించాడు. గజపతి కుమార్తెను వివాహమాడి, కృష్ణకు ఉత్తరాన తాను గెలిచిన భూములను మామగారికే తిరిగి ఇచ్చివేశాడు. గెలిచిన వేగంలోనే ఎక్కడ ఆగాలో తెలిసిన రౌతు చేయదగిన పని అది.

తరువాత వచ్చిన రాయచూరు యుద్ధానికి కూడా గుర్రాలే కారణమని నూనిజ్ కథనం. గోవాలో గుర్రాలు కొనడానికి రాయలు సిద్ది మర్కర్ అనే వర్తకునికి నలభై వేల పర్దాల నాణాలు ఇచ్చి పంపాడు. అతడు ఆ ధనంతో బీజాపూరు సుల్తాను ఇస్మాయిల్ ఆదిల్‌షా రాజ్యంలోకి పారిపోయాడు. సుల్తాను అతనిని అప్పగించలేదు. 1520లో రాయలు మహాసేనతో రాయచూరు దుర్గాన్ని ముట్టడించాడు. ఆదిల్‌షా కృష్ణ దాటి వచ్చి ఎదిరించాడు.

యుద్ధారంభంలో బీజాపూరు ఫిరంగులు ఒక్కసారిగా ప్రేలాయి. రాయల ముందువరుసలు కూలిపోయాయి. మిగిలినవారు వెనుదిరిగారు. శత్రువుల ఆశ్వికులు వారిని తరుముకుంటూ వచ్చారు. జయాపజయాలు ఒక్క క్షణంలో తేలనున్న ఘట్టమది. రాయలు గుర్రమెక్కాడు. తన ఉంగరాన్ని తీసి ఒక పరిచారకునికి ఇచ్చి, తాను మరణిస్తే దానిని రాణులకు గుర్తుగా చూపమన్నాడు. పారిపోయి వచ్చేవారిని సైతం ఉపేక్షింపవద్దని కఠినమైన ఆజ్ఞ చేసి, రెండవ దళంతో కలిసి ముందుకు దూకాడు. ఆ తాకిడికి బీజాపూరు సేన చెదిరి నది వైపు పరుగెత్తింది. ఆదిల్‌షా ఏనుగు మీద తప్పించుకున్నాడు. నాలుగు వేల హోర్ముజ్ గుర్రాలు, వంద ఏనుగులు, నాలుగు వందల పెద్ద ఫిరంగులు రాయలకు చిక్కాయని నూనిజ్ లెక్క చెప్పాడు.

అంతటి విజయోత్సాహంలో సేనానులు నది దాటి తరుమవలసిందని కోరారు. రాయలు అంగీకరించలేదు. తప్పు చేయనివారు ఎందరో అప్పటికే చనిపోయారని జాలిపడి సేనను నిలిపివేశాడు. పిమ్మట క్రిస్తోవావ్ ది ఫిగెరెదో అనే పోర్చుగీసు యోధుని తుపాకీ దళం తోడ్పాటుతో రాయచూరు కోట వశమైంది. కోటలోని ప్రజల ఆస్తులకు రాయలు అభయమిచ్చాడు. వేగాన్ని పుట్టించడం, దానిని అదుపులో నిలపడం రెండూ ఒకే చేతికి తెలియాలి. ఆ దినాన రాయల చేతికి రెండూ తెలిశాయి.

తూకం తప్పిన ఘడియలు

మహాపురుషుల జీవితాలను పిల్లలకు చెప్పేటప్పుడు వెలుగును మాత్రమే చూపడం న్యాయం కాదు. ఓడిన ఆదిల్‌షా రాయబారిని పంపి కోటను, గుర్రాలను, ఏనుగులను తిరిగి కోరాడు. రాయలు ఆ రాయబారిని నెల దినాలు వేచి ఉండేటట్లు చేశాడు. చివరకు సుల్తాను స్వయంగా వచ్చి తన పాదాన్ని ముద్దు పెట్టుకుంటే అన్నీ ఇచ్చివేస్తానన్నాడు. అందుకోసం సరిహద్దులోని ముద్గల్ వరకు వెళ్లాడు. సుల్తాను రాలేదు. ఆగ్రహించిన రాయలు బీజాపూరు దాకా నడిచాడు. ఆయన సైనికులు వంటచెరకు కోసం ఆ నగరపు ఇళ్లను పడగొట్టారు. కళింగంలో గెలిచిన భూమిని తిరిగి ఇచ్చి శత్రువును బంధువుగా చేసుకున్న రాజే ఇక్కడ ఓడినవానిని అవమానించి పగను పెంచుకున్నాడు. చేతికి అలవాటైన పట్టువిడుపులలో పట్టు మాత్రమే మిగిలింది, విడుపు పోయింది.

అంతకంటె విషాదకరమైనది తిమ్మరుసు కథ. రాయలు తన ఆరేళ్ల కుమారుడు తిరుమలరాయనికి పట్టం కట్టి, తాను మంత్రిగా ఉండసాగాడు. 1524 ప్రాంతంలో ఆ బాలుడు జబ్బుపడి మరణించాడు. తిమ్మరుసు కుమారుడు విషం పెట్టించాడని ఎవరో చెప్పగా రాయలు నమ్మాడని, తిమ్మరుసును, ఆయన కుమారులను చెరసాలలో ఉంచి, తరువాత కన్నులు తీయించాడని నూనిజ్ వ్రాశాడు. వీరనరసింహుడు తమ్ముడైన రాయల కన్నులు తీయించమని ఆజ్ఞాపించగా, తిమ్మరుసు మేక కన్నులు చూపి ఆయనను కాపాడాడని చెప్పినవాడు కూడా నూనిజే. మరణశిక్ష పడినవారికి మూడుసార్లు విన్నవించుకునే అవకాశం ఇవ్వాలని తన కావ్యంలో నీతి చెప్పిన రాజు, తనను తండ్రివలె పెంచిన వృద్ధుని విషయంలో ఆ నీతిని పాటించలేదు. పేస్ గమనించిన ఆ హఠాత్ ఆగ్రహమే పుత్రశోకంతో కలిసి ఆయన తూకాన్ని తప్పించింది. తెల్లవారుజామున గుర్రం అడుగులో రవంత తేడాను పసిగట్టే మనిషి తన మనస్సు ఒరిగిపోవడాన్ని పసిగట్టలేకపోయాడు.

ఆపైన రాజ్యం మునుపటి వలె సాగలేదు. రాయలు బెళగాం మీదికి దండయాత్రకు సన్నద్ధుడవుతూ జబ్బుపడి కన్నుమూశాడు. కర్ణాటకలోని తుమకూరు జిల్లా హొన్నేనహళ్లిలో 2021లో వెలుగుచూసిన శాసనం ఆ మరణాన్ని 1529 అక్టోబరు 17గా తెలుపుతున్నది. సోదరుడు అచ్యుతదేవరాయలు రాజయ్యాడు.

పల్లకీలో కూర్చున్న అల్లుడు

రాయలు నాటిన విత్తనాలలో మంచివీ చెడ్డవీ రెండూ మొలకెత్తాయి. మంచికి నిదర్శనం ఈ సీమలోనే ఉంది. రాయల కొలువులో పెరిగిన విశ్వనాథ నాయకుడు మదురలో నాయకరాజ్యాన్ని స్థాపించాడు. అరియనాథ మొదలియారు తోడ్పాటుతో దేశాన్ని డెబ్బై రెండు పాళెములుగా ఏర్పరచాడు. ఎట్టయపురం, పాంచాలంకురిచ్చి మొదలైన పాళెములు ఆ ఏర్పాటుకు చెందినవే. విజయనగర, నాయకరాజుల కాలాలలో తెలుగు కుటుంబాలు ఎన్నో వచ్చి ఈ నల్లరేగడి నేలలో స్థిరపడ్డాయి. ఆ వలస గాథను కోవిల్‌పట్టి సమీపంలోని ఇడైచేవల్ గ్రామానికి చెందిన కి. రాజనారాయణన్ తమిళ నవలగా వ్రాసి శాశ్వతం చేశారు. మదుర మీనాక్షి ఆలయంలో వేయికాళ్ల మండపం ముఖద్వారం వద్ద గుర్రమెక్కిన అరియనాథుని శిల్పాన్ని నేటికీ చూడవచ్చు. శ్రీరంగంలోని శేషరాయ మండపంలో ముందుకాళ్లు పైకెత్తి లేచిన రాతి గుర్రాలు విజయనగర శిల్పుల అశ్వజ్ఞానానికి సాక్ష్యాలు. గుర్రం భారమంతా వెనుకకాళ్ల మీదికి వచ్చిన క్షణాన్ని ఆ శిల్పులు రాతిలో నిలిపారు.

చెడుకు నిదర్శనం 1565 జనవరిలో కనిపించింది. దక్కను సుల్తానులు ఏకమై కృష్ణ దాటి వచ్చారు. అప్పటికి విజయనగరాన్ని నడుపుతున్నవాడు రాయల అల్లుడు, వృద్ధుడైన అళియ రామరాయలు. ఆయన యుద్ధరంగానికి పల్లకీలో వచ్చాడనీ, పల్లకీ సురక్షితం కాదు, గుర్రమెక్కవలసిందని సేనానులు వేడుకున్నా, శత్రువులు పిల్లల వలె పారిపోతారని తలచి నిరాకరించాడనీ చరిత్రకారుడు ఫెరిష్తా వ్రాశాడు. ఒక ఏనుగు మీదికి దూసుకురాగా బోయీలు పల్లకీని విడిచి పారిపోయారు. గుర్రమెక్కే వ్యవధి లేక రామరాయలు శత్రువులకు చిక్కి ప్రాణాలు కోల్పోయాడు. రాజు పడిపోయాడని తెలిసి సేన చెదిరింది. విజయనగరం శిథిలమైంది.

మామ ఉంగరం తీసి ఇచ్చి గుర్రమెక్కాడు. అల్లుడు గుర్రమెక్కలేదు. మహాసామ్రాజ్యాలు ఒక్క కారణం చేత కూలవు. అయినా ఈ రెండు దృశ్యాలను ప్రక్క ప్రక్కన ఉంచితే ఒక సత్యం గోచరిస్తుంది. పల్లకీలో కూర్చున్నవానికి నేల తెలియదు. మోసేవారి కాళ్లు తడబడినా పడిపోయేవరకు తెలియదు. గుర్రం మీద కూర్చున్నవానికి ప్రతి అడుగూ తన ఒంట్లోనే తెలుస్తుంది. పాలన చేసేవారు, ఇల్లు నడిపేవారు, పాఠశాల నడిపేవారు ఏ ఆసనం మీద కూర్చున్నారో ఆలోచించుకోవాలి.

పిల్లల చదువు కూడా ఒక దౌడు వంటిదే. నేటి తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు వేగాన్ని కోరుతున్నారు. వేగం తప్పు కాదు. పిల్లవాడు తన కాళ్ల మీద తాను పరుగెత్తుతున్నాడో, పడిపోతాననే భయంతో ముందుకు తోసుకుపోతున్నాడో కనిపెట్టడం పెద్దల పని. మార్కుల పట్టికను చూసి దానిని కనిపెట్టలేరు. ప్రతిదినం దగ్గర ఉండి, పట్టూ విడుపూ ఎరిగిన చేతితో కనిపెట్టాలి. అందుకు ముందు పెద్దల మనస్సు తిన్నగా నిలవాలి. శ్రీకృష్ణదేవరాయలు తన విజయాలతో ఒక పాఠం, తన పొరపాట్లతో మరొక పాఠం నేర్పాడు. తెలుగు భాష మీద ప్రేమతో శ్రీవిల్లిపుత్తూరు కథను మనకు కానుకగా ఇచ్చిన ఆ చక్రవర్తిని తలచుకునేటప్పుడు, సింహాసనం మీది రాజుతోపాటు, తెల్లవారుజాము చీకటిలో మైదానం మీద గుర్రం అడుగుల సవ్వడిని చెవియొగ్గి వింటున్న ఆ రౌతును కూడా తలచుకోవాలి.